గొరిల్లాలు ముందా, అగ్నిపర్వతం ముందా? మహబూబ్‌నగర్ నుంచి రువాండా వెళ్లేవాళ్లకు

మే సెలవుల్లో భార్య, పదమూడేళ్ల అబ్బాయితో రువాండా వెళ్లి, మొదటి రోజు బిసోకె అగ్నిపర్వతం ఎక్కి, మర్నాడు గొరిల్లాలను చూడాలని మీ ప్లాను. ఇది సరిపోతుందా, మహబూబ్‌నగర్‌లో ఉండి ఎలా తయారు కావాలి అని అడిగారు. ప్లాను మంచిదే, కానీ నెల మార్చుకోవాలి, రోజుల వరుస తిరగెయ్యాలి, అబ్బాయి సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి.

అబ్బాయితోనే మొదలుపెడతాను. 15 ఏళ్లు నిండనిదే గొరిల్లా పర్మిట్ ఇవ్వరు. పాస్‌పోర్టులో పుట్టినతేదీ చూస్తారు, బతిమాలితే జరిగే పని కాదు. కాబట్టి ఒకరు అడవికి వెళ్తే ఒకరు అబ్బాయితో ఉండాలి. లేదంటే రెండేళ్లు ఆగి ముగ్గురూ కలిసి వెళ్లడమే నయం. ఇప్పుడే వెళ్లేటట్టయితే, ఉండిపోయినవాళ్లకు గొరిల్లాలు, బిసోకె ఉన్న వోల్కనోస్ నేషనల్ పార్కు ఆఫీసు ఉండే కినిగి ఊళ్లో, గొరిల్లాలను కాపాడే సంస్థ డయాన్ ఫాసీ గొరిల్లా ఫండ్ వాళ్ల క్యాంపస్ ఉంది. 2022లో తెరిచారు. గొరిల్లాల మీద జరిగిన పరిశోధన అంతా పిల్లలకు అర్థమయ్యేటట్టు పెట్టారు, ఒక పూట హాయిగా గడుస్తుంది. బురేరా, రుహొండో చెరువుల మీద పడవ ఎక్కించవచ్చు.

ఇక నెల. అక్కడ పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబర్, నవంబర్‌లలో. అంటే మన ఎండాకాలం సెలవులు, దసరా సెలవులు రెండూ వానలోనే పడతాయి. అక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పొడి కాలం. మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి మీకు జూన్ మొదటి వారం ఒక్కటే సందు. లేకుంటే సంక్రాంతి సెలవులు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వానలు తక్కువ. వానకాలంలో వెళ్తే గొరిల్లాలు కనపడవని కాదు. వెదురు పిలకలు వచ్చే రోజుల్లో వాటికోసం కిందికే దిగుతాయి, ఒక్కోసారి నడక తగ్గుతుంది కూడా. వానలో అసలు చిక్కు అగ్నిపర్వతంతోనే.

వరుస ఎందుకు మార్చాలంటే, గొరిల్లా పర్మిట్ ఒక్కొక్కరికి 1,500 డాలర్లు, రాసిన తేదీకే చెల్లుతుంది. బిసోకె ఎక్కడం కన్నా దిగడం కష్టం. మర్నాడు తొడలు పట్టేసి మెట్టు దిగడమే గగనమవుతుంది. గొరిల్లాలు ఎంత దూరంలో ఉంటాయో ఆ పొద్దున దాకా ఎవరికీ తెలియదు, గంటలో దొరకవచ్చు, నాలుగైదు గంటలు నడిపించవచ్చు. అంత ఖరీదైన రోజుకు అరిగిన కాళ్లతో పోవద్దు. ఇంకొక లాభమూ ఉంది. గొరిల్లాల నడక ఎక్కువగా 2,500 నుంచి 3,000 మీటర్ల మధ్య సాగుతుంది. మనం ఉండేది 500 మీటర్ల ఎత్తులో. ఆ రోజు నడక శరీరానికి ఎత్తును అలవాటు చేస్తుంది, మర్నాడు 3,711 మీటర్ల బిసోకె మీద తలనొప్పి, వికారం తగ్గుతాయి. రాజధాని కిగాలీలో దిగిన మర్నాడే కొండెక్కకుండా, పార్కు దగ్గర సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉన్న ముసాంజె పట్నంలో ఒక రాత్రి తప్పకుండా ఉండండి.

గొరిల్లా రోజు ఇలా నడుస్తుంది. పొద్దున 7 గంటలకు కినిగి ఆఫీసులో ఉండాలి. అసలు పాస్‌పోర్టు చూపించాలి, జిరాక్స్ పనికిరాదు. పర్మిట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్లు ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించి రాసే అలవాటుతో బుక్ చేసి అక్కడ నిలబడిపోతారు, ఇంటిపేరు పూర్తిగా రాయించండి. ఎనిమిది మందికి ఒక గుంపు, గుంపుకు ఒక గొరిల్లా కుటుంబం. ఎవరిని ఎటు పంపాలో అప్పుడే తేలుస్తారు. మోకాళ్ల నొప్పి, ఆయాసం ఉంటే దాచకుండా మీ డ్రైవరుకు, గైడుకు చెప్పండి, దగ్గరి కుటుంబం ఇచ్చే ప్రయత్నం చేస్తారు. ఆఫీసు నుంచి నడక మొదలయ్యే చోటికి పార్కు బండి ఉండదు. మీ బండి మీరే తెచ్చుకోవాలి, దారి రాళ్ల దారి, ఫోర్ వీల్ డ్రైవ్ మాట్లాడుకోండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఆలుగడ్డ చేలు దాటితే ఒక రాతి గోడ వస్తుంది. అడవి దున్నలు చేలల్లో పడకుండా కట్టింది. గోడ అవతల వెదురు, ఆ పైన నాచు పట్టిన పెద్ద చెట్లు. దారి పొడుగునా దురద ఆకు మొక్కలు ఉంటాయి, మన దూలగొండి తగిలినట్టే ఉంటుంది, పలచటి ప్యాంటులోంచి కూడా గుచ్చుతుంది. మందపాటి ప్యాంటు, దాన్ని సాక్సులోకి దోపడం, తోటపనికి వాడే గ్లౌజులు, చీలమండ దాకా వచ్చే బూట్లు, వానకోటు. ఇవి తప్పవు. కొత్త బూట్లు అక్కడ మొదటిసారి తొడగవద్దు, కనీసం నెలరోజులు ఇక్కడ తొడిగి అరగనివ్వండి.

గొరిల్లాల దగ్గర ఒక గంటే. 10 మీటర్ల దూరం, మూతికి మాస్కు, ఫ్లాష్ వద్దు, తిండి వద్దు. అవి కదిలి మీ దగ్గరికే వస్తే గైడు చెప్పినట్టు మెల్లగా వెనక్కి జరగాలి. వెండివీపు మగది (వీపు వెండి రంగుకు తిరిగిన పెద్ద మగ గొరిల్లా) మీదికి దూకినట్టు వస్తే పరుగెత్తవద్దు, కిందికి కూర్చొని చూపు దించాలి. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఆ రోజు పోనివ్వరు. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. కొండ గొరిల్లాలు లోకం మొత్తం మీద వెయ్యి పైచిలుకు మాత్రమే ఉన్నాయి, నియమం గట్టిగా ఉండడం న్యాయమే. అందుకే ప్రయాణానికి ముందు వారం జనసమ్మర్దంలో తిరగడం తగ్గించండి, విమానంలో మాస్కు పెట్టుకోండి.

బిసోకె విషయానికి వస్తే, ఎక్కడానికి మూడు నాలుగు గంటలు, దిగడానికి రెండు మూడు. ఎక్కాల్సిన ఎత్తు సుమారు 1,100 మీటర్లు. పైన గుంతలో నీళ్ల చెరువు ఉంటుంది. మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్మి ఏమీ కనపడదు, కాబట్టి పొద్దున ఆలస్యం చేయవద్దు. కాంగో సరిహద్దు ఆ శిఖరం మీదుగానే పోతుంది, తుపాకులున్న కాపలావాళ్లు వెంట వస్తారు, దున్నల కోసం కూడా. పొడి కాలంలోనూ బురద ఉంటుంది, కర్ర తప్పనిసరి. ఇదే పార్కులోని ఇంకా పెద్ద అగ్నిపర్వతం కరిసింబి 4,507 మీటర్లు, రెండు రోజుల పని, రాత్రి 3,700 మీటర్ల దగ్గర గుడారంలో పడుకోవాలి, చలి సున్నా దాకా పోతుంది. మీరు చెప్పిన రోజుల్లో దాన్ని ఇరికించవద్దు. లావా కనపడుతుందా అని కూడా అడిగారు. ఈ పార్కులో కనపడదు. బిసోకె పక్కవాలు మీద చివరిసారి పేలింది 1957లో. మండుతున్న అగ్నిపర్వతాలు నైరాగొంగో, న్యాములగిరా కాంగో వైపున్నాయి. ఆ ప్రాంతం యుద్ధంలో ఉంది, అటు ఆలోచనే వద్దు.

ఇక్కడ తయారీ: వారానికి మూడు రోజులు మెట్లు, నెలన్నర చాలు. దగ్గర్లో కోయిలకొండ కోట ఉంది, ఆదివారాలు భువనగిరి కోటకు పోవచ్చు. వీపున ఆరు కిలోల సంచితో ఎక్కండి. మనవాళ్లు ఎక్కడమే సాధన అనుకుంటారు, దిగేటప్పుడు లిఫ్టో బండో చూసుకుంటారు. దిగడమూ సాధన చేయండి, మోకాలు అక్కడే పోయేది. ఎత్తుకు మాత్రం ఇక్కడ సాధన లేదు, ఎత్తు జబ్బు మాత్ర కావాలా వద్దా అన్నది డాక్టరును అడగండి. మలేరియా మాత్ర సంగతీ అప్పుడే.

ఎల్లో ఫీవర్ టీకా మరవద్దు. రువాండా నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేసుకున్న పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం చాలు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కొని పాస్‌పోర్టుతో వెళ్లండి. కోడిగుడ్డు పడనివాళ్లు ముందే చెప్పాలి.

సామాను సర్దేటప్పుడు పాలిథీన్ కవర్లు వాడవద్దు, ఆ దేశంలో 2008 నుంచి నిషేధం, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. గుడ్డ సంచులు పెట్టుకోండి. శాకాహారులకు అన్నం, చిక్కుడు గింజలు, ఆలుగడ్డ, అరటికాయ, చపాతీ దొరుకుతాయి. కొండ మీదికి సకినాలు, పల్లీపట్టీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. డాలర్ నోట్లు కొత్తవి, మడతలు లేనివి తీసుకోండి, పాతవి చాలాచోట్ల పుచ్చుకోరు. సంచి మోయడానికి కూలీని తప్పకుండా పెట్టుకోండి, ఖర్చు కొద్దిపాటిదే. ఆ ఊళ్లవాళ్లకు అడవి మిగిలితేనే పని మిగులుతుంది, బురదలో చెయ్యి పట్టేదీ వాళ్లే.

డబ్బు బరువనిపిస్తే ఉగాండాలో పర్మిట్ 800 డాలర్లు. అక్కడ గొరిల్లాలుండే బ్విండి అడవి కిగాలీ నుంచి రోడ్డున అదే రోజు చేరవచ్చు. అప్పుడు రువాండా వీసా బదులు కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ పనికొచ్చే తూర్పు ఆఫ్రికా వీసా 100 డాలర్లకు తీసుకోండి. ఏ దేశమైనా పర్మిట్ దొరికాకే విమానం టికెట్టు కొనండి. ఇంకొకటి, నెలలో ఆఖరి శనివారం రువాండాలో అందరూ ఊరి పనికి వెళ్తారు, పొద్దున 11 దాకా బండ్లు తిరగవు, దుకాణాలు మూసి ఉంటాయి. కిగాలీ నుంచి ముసాంజె ప్రయాణం ఆ పూట పెట్టుకోవద్దు.