ఉద్గారాల లెక్కలు కట్టే చదువుకు ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది చిత్తూరు పక్కన పల్లె. ఐదు పాడి ఆవులు, కొంచెం మామిడి తోట ఉన్నాయి. అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు తగ్గించడానికి రాష్ట్రాలు ప్రణాళికలు వేస్తాయట, ఆ పనిలోకి పోతానంటోంది. నేను బీఈడీ చేయమంటున్నా. ఏం చేయాలి?

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయండీ. కాకపోతే మీరు అనుకునే సర్కారు కొలువు రూపంలో తక్కువ. 2008లో కేంద్రం వాతావరణ మార్పుపై జాతీయ ప్రణాళిక ప్రకటించాక, మీవి మీరు రాసుకోండని రాష్ట్రాలకు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రణాళికను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈపీటీఆర్ఐ అనే పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ. ఇప్పటికీ ఇలాంటి పని ఎక్కువగా పరిశోధన సంస్థలు, కన్సల్టెన్సీల చేతిలోనే జరుగుతుంది. మొదట్లో ఏడాది, రెండేళ్ల ప్రాజెక్టు కాంట్రాక్టులే దొరుకుతాయి. ఆ టెన్షన్ తట్టుకోగలదా అని అమ్మాయినే అడగండి.

ఇంతకీ ఆ పని ఏమిటంటారా? మీ ఆవులనే తీసుకోండి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు, మన ఉపఖండంలో ఒక పాడి ఆవు మేత అరిగేటప్పుడు ఏడాదికి 58 కిలోల మీథేన్ వాయువు వదులుతుందని లెక్క ఇచ్చాయి. నూరేళ్ల లెక్కన వాతావరణాన్ని వేడెక్కించడంలో మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 28 రెట్లు. అంటే మీ ఐదింటి వాటా ఏడాదికి ఎనిమిది టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. (ఆవులు అమ్మేయమని కాదు, కంగారుపడకండి!) అయితే జెర్సీ క్రాస్ ఆవు, నాటు ఆవు ఒకటి కాదు. మేతను బట్టి కూడా లెక్క మారుతుంది. పశుగణన అంకెలు ముందేసుకుని, జిల్లా మొత్తం మీద ఎంత వస్తోంది, మేత మారిస్తే ఎంత తగ్గుతుంది, దానికి రైతుకు ఎంత ఖర్చవుతుంది అని తేల్చగలిగే మనిషి కావాలి. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి నడుస్తున్న ఎలక్ట్రిక్ బస్సులదీ ఇదే కథ. లీటరు డీజిల్ మిగిలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, నిజమే. కానీ ఆ బస్సు ఛార్జింగ్‌కు వాడిన కరెంటు కోసం ఎంత బొగ్గు కాలిందో అందులోంచి తీసేయాలి కదా.

ఉపన్యాసాలిచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఈ లెక్క చేసేవాళ్లే దొరకరు. కెమిస్ట్రీ పిల్లకు ఇది కలిసొచ్చే విషయం. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లోనో, కెమిస్ట్రీలోనో ఎమ్మెస్సీ చేయించండి. దాంతోపాటు స్టాటిస్టిక్స్, ఎక్సెల్, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల మీద సమాచారం పెట్టి విశ్లేషించే పద్ధతి) గట్టిగా నేర్చుకోవాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దూరం పోనక్కర్లేదు. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది, తిరుపతిలోనే వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. ముందే వెళ్లి అడగాలి.

ప్రణాళికల పని దొరకకపోతే? కాలుష్య నియంత్రణ మండలిలో ఎనలిస్టు పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా పడుతుంటాయి, వాటికీ ఎమ్మెస్సీ పనికొస్తుంది. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల పథకం (పెట్టిన పరిమితి కన్నా తక్కువ ఉద్గారాలు వదిలినవాళ్లు ఆ మిగులును అమ్ముకునే ఏర్పాటు) తెచ్చింది. దాని కింద సిమెంటు, అల్యూమినియం లాంటి పరిశ్రమలు ఉద్గారాలు కొలిచి చూపించాలి. నా అంచనాలో ప్రభుత్వ ప్రణాళికల కన్నా ముందు జీతమిచ్చేది ఆ ఫ్యాక్టరీలే.

బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు, ఇప్పుడు వదిలేయండి. 'క్లైమేట్ పాలసీ' అని పేరు పెట్టి వేలకు వేలు ఫీజు అడిగే ఆన్‌లైన్ సర్టిఫికెట్లు మాత్రం చూసి కట్టండి. ఉద్గారాల లెక్క కట్టడం చేయించి నేర్పే పాఠం సిలబస్‌లో లేకపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.