గేజి ముల్లు 3 దాకా ఎందుకు పోతోందంటే

గాజువాక,
విశాఖపట్నం.

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి నువ్వు పంపిన, మీ ఇంటిని వేడి చేసే బాయిలర్ ఫోటోలు చూశాను. చల్లగా ఉన్నప్పుడు నీటి ఒత్తిడి గేజి ముల్లు అర బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దగ్గర, గదుల్లోని రేడియేటర్లు వేడెక్కగానే 3 దగ్గర. గోడ బయట రాగి గొట్టం కింద ఇటుకల మీద తడి చార. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం ఎక్స్‌పాన్షన్ వెస్సెల్ మీదే, అంటే వేడికి పెరిగిన నీటికి చోటిచ్చే ఉక్కు డబ్బా మీదే. విశాఖలో ఇల్లు వేడి చేసుకునే పని లేదు గానీ, ఉక్కు కర్మాగారంలో నా ఉద్యోగమంతా ఆవిరి గొట్టాల మధ్యే గడిచింది.

నీరు 10 డిగ్రీల నుంచి 80కి వేడెక్కితే సుమారు 3 శాతం వ్యాకోచిస్తుంది. 100 లీటర్లుంటే ఆ అదనం 3 లీటర్లు. అన్నివైపులా మూసిన గొట్టాల్లో అది ఎక్కడికి పోవాలి? నీరు నొక్కితే నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. అందుకే ఆ ఉక్కు డబ్బాలో రబ్బరు పొరకు ఒకవైపు నీరు, మరోవైపు ముందే నింపిన గాలి ఉంటాయి. మామూలు ఇళ్లలో ఆ గాలి 0.75 నుంచి 1 బార్. ఏళ్లు గడిచేకొద్దీ అది కొంచెం కొంచెంగా పోతుంది. అప్పుడు పెరిగిన నీటికి చోటు చాలక ఒత్తిడి 3 బార్‌కు చేరి, సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆ రాగి గొట్టం గుండా నీటిని బయటకు వదిలేస్తుంది. చల్లారాక గేజిలో కనబడే లోటు అదే.

వారం వారం నీళ్లు నింపుతూ కూర్చోకమ్మా. కొత్త నీటితో వెళ్లే ఆక్సిజన్ రేడియేటర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఆ రాగి గొట్టానికి బిరడా కొట్టమని ఎవరైనా చెబితే అస్సలు వినకు, ప్రాణాలకే ముప్పు.

బాయిలర్ మూత నువ్వు విప్పకు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనులకు అర్హత ఉన్నవాళ్ల అక్కడి అధికారిక జాబితాలో, ఉన్న మెకానిక్‌నే పిలువు, కార్డు అడిగి చూడు. అతను పని చేస్తున్నప్పుడు పక్కనే ఉండు. డబ్బాకు ఉండే గాలి వాల్వు కారు టైరుకు ఉండేలాంటిదే. దాని పిన్ను నొక్కినప్పుడు నీరు వచ్చిందంటే పొర చిరిగినట్టే, వెస్సెల్ మార్చాలి. ఏమీ రాకపోతే గాలి అయిపోయిందన్నమాట. ముందు నీటి ఒత్తిడిని సున్నాకు దించి, నీరు పోయే దారి తెరిచే ఉంచి, ఆ తర్వాతే గాలి కొట్టాలి. లేకపోతే గాలి కొట్టే పంపు గేజి చూపేది నీటి ఒత్తిడే. తొందరలో చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, అడగడానికి మొహమాటపడకు. సేఫ్టీ వాల్వు కూడా చూడమను. ఒకసారి తెరుచుకున్నాక మడ్డి చిక్కి సరిగా మూసుకోకపోవచ్చు.

పని అయ్యాక చల్లగా ఉన్నప్పుడే నీటిని 1 నుంచి 1.5 బార్ మధ్య నింపించు. బాగా వేడెక్కాక ముల్లు ఎంత చూపిందో నాకు రాసి పంపు.

పెదనాన్న