ఇంటి కంప్యూటర్ ప్రశ్నలు: ఇమేజ్ తీశారు సరే, పెన్‌డ్రైవ్ ఏది?

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ చేస్తుంటాను, పెళ్లి కార్డులు, కరపత్రాలు. డెస్క్‌టాప్ పాతది, విండోస్ 10, 500 జీబీ హార్డ్ డిస్క్. వారం నుంచి అందులోంచి టక్ టక్ అని చప్పుడు వస్తోంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ ఎక్కించిపెట్టిన కుర్రాడు ఇప్పుడు ఊళ్లో లేడు. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ తీసి కొత్త ఎస్ఎస్‌డీలోకి (తిరిగే భాగాలు లేని డిస్క్) దించుకోవచ్చంటున్నారు. నిజమేనా? 480 జీబీది కొందామనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఈ పత్రిక పక్కన పెట్టేసి మీ డిజైన్ల ఫోల్డర్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, మిగతాది తర్వాత చదవొచ్చు. చప్పుడు చేస్తున్న డిస్క్‌ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చదివించడం దానికి పెద్ద పని, మధ్యలో ప్రాణం వదిలినా ఆశ్చర్యం లేదు. ఫైళ్లు బయటపడ్డాకే ఇమేజ్.

అయిందా? ఇమేజ్ అంటే డిస్క్‌కి జిరాక్స్ అనుకోండి. ఫైళ్లే కాదు, విండోస్, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, మీరు అలవాటుపడిన కీబోర్డ్ లేఅవుట్, కంప్యూటర్ ఆన్ అవడానికి కావాల్సిన చిన్న చిన్న పార్టిషన్లు (డిస్క్‌ని విడగొట్టిన భాగాలు), అన్నీ అందులోకి వస్తాయి. ఖాళీ జాగాని వదిలేసి నిండిన భాగాన్నే కుదించి దాస్తుంది కాబట్టి 500 జీబీ డిస్క్‌లో 150 వాడి ఉంటే ఇమేజ్ అంతకంటే తక్కువలోనే సరిపోతుంది.

ఉచితంగా కావాలంటే రెస్క్యూజిల్లా అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్ వాడండి. క్లోన్‌జిల్లా కూడా మంచిదే, కానీ ఆ నల్ల తెరలూ ప్రశ్నలూ కొత్తవాళ్లకి టెన్షన్ పెడతాయి. చాలామంది చెప్పే మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌ని కంపెనీ ఆపేసింది, 2024 నుంచి దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా లేవు. రెస్క్యూజిల్లాని రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి (అందులో ఉన్నదంతా పోతుంది, చూసుకోండి) దాంతోనే కంప్యూటర్ ఆన్ చేయాలి. దానికి ముందు విండోస్‌లో షట్ డౌన్ నొక్కేటప్పుడు షిఫ్ట్ కీ పట్టుకోండి. లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అలాంటి డ్రైవ్‌ని ఇమేజ్ తీయడానికి ఈ సాఫ్ట్‌వేర్లు మొరాయిస్తాయి.

ఇక మీ 480 జీబీ. అక్కడే ఆగండి! మీ పాత డిస్క్ విండోస్‌లో 465 అని కనిపిస్తుంది, 480 జీబీ ఎస్ఎస్‌డీ 447 అని కనిపిస్తుంది. వాడింది 150 జీబీయే కదా అనుకుంటాం, కానీ దించేటప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ చూసేది పార్టిషన్ల గీతలు ఎక్కడి దాకా ఉన్నాయన్నది. ఆ 18 తేడాకే పట్టదు పొమ్మంటుంది. పార్టిషన్ కుదించి తంటాలు పడే దారి ఉంది గానీ, చావుకి దగ్గరైన డిస్క్ మీద ఆ ప్రయోగం నేనైతే చేయను. 500 కూడా అంచు మీదే, కుదిరితే 1 టీబీ తీసుకోండి. దించేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేయండి. సోర్స్ ఏదో, డెస్టినేషన్ ఏదో తికమకపడి ఉన్నదాని మీద ఖాళీదాన్ని దించేసినవాళ్లు నాకు తెలుసు, అందులో ఒకడు నేనే.

ప్రశ్న: పిల్లవాడు ఏదో గేమ్ ఎక్కించాక కంప్యూటర్ పాడైంది. మూడు నెలల కిందటి ఇమేజ్ రిస్టోర్ చేశాను. బాగానే నడుస్తోంది గానీ, డి డ్రైవ్‌లో మొన్నటి మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు లేవు!
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు సి డ్రైవ్ ఒక్కదాన్నే కాకుండా డిస్క్ మొత్తాన్నీ రిస్టోర్ చేసినట్టున్నారు. డి కూడా మూడు నెలలు వెనక్కి వెళ్లిపోయింది. వెంటనే ఆ డిస్క్ వాడకం ఆపేయండి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి పోయిన ఫైళ్లు వెతికిపెట్టే ఫొటోరెక్ నడిపి చూడండి. ఇది ఉచితమే, దొరికినవాటిని మాత్రం వేరే డిస్క్‌లో దాచాలి. హార్డ్ డిస్క్ అయితే కొన్నైనా రావొచ్చు, ఎస్ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. ఫొటోగ్రాఫర్ దగ్గరా, ఆ రోజు తీసిన చుట్టాల ఫోన్లలోనూ ముందు అడగండి, అదే దగ్గరి దారి.

ఇంకోసారి ఇలా అయితే రిస్టోర్ నొక్కేముందు రెస్క్యూజిల్లా ఎక్కించిన రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి కొత్త ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. విండోస్ లేవకపోయినా ఫోల్డర్లు మామూలుగానే తెరుచుకుంటాయి. ఆ పైన సి పార్టిషన్‌కి మాత్రమే టిక్ పెట్టి రిస్టోర్ చేయండి.

నా సంగతీ చెబుతాను. ఇమేజ్ బుద్ధిగా నెలనెలా తీసేవాణ్ని. ఓ రాత్రి ఎస్ఎస్‌డీ పోయింది, ఇమేజ్ భద్రంగా ఉంది, రెస్క్యూ పెన్‌డ్రైవ్ మాత్రం లేదు, దాని మీద ఎప్పుడో పాటలు ఎక్కించుకున్నాను. పైవాటా వాళ్లని నిద్రలేపి వాళ్ల ల్యాప్‌టాప్‌లో మళ్లీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌కి ఎర్ర దారం కట్టి ఉంచుతున్నాను. తయారుచేసిన రోజే దాంతో ఒకసారి కంప్యూటర్ ఆన్ చేసి మీ డిస్క్ అందులో కనిపిస్తోందో లేదో చూసుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ తెర) డిస్క్‌కి వీఎండీ లేదా రెయిడ్ మోడ్ పెట్టి ఉంటే అసలు కనిపించదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న మెషీన్ అయితే 48 అంకెల రికవరీ కీ కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: ఇమేజ్‌ని అదే కంప్యూటర్‌లో డి డ్రైవ్‌లో దాచుకోవచ్చా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: సి, డి రెండూ ఒకే డిస్క్ మీద గీసిన గీతలు తమ్ముడూ, డిస్క్ పోతే రెండూ పోతాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో దాచు. అది ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చుకో. పనయ్యాక పీకి బీరువాలో పెట్టు, తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) వచ్చినరోజు దాన్నీ కలిపే లాక్ చేస్తుంది.