సత్యాన్ని పట్టుకోవాలా, హత్తుకోవాలా?

సందేహం: మా చర్చిలో యవ్వనస్థుల కూటాలకు ‘ప్రేమను, సత్యాన్ని హత్తుకొని ఉండండి’ అని ఫ్లెక్సీ వేయించబోతున్నారు. సంఘపెద్ద ఒకాయన ‘హత్తుకోవడం అంటే కౌగిలించుకోవడం. పిల్లల్ని హత్తుకుంటాం గానీ సత్యాన్ని హత్తుకోవడమేంటి, పట్టుకొని ఉండండి అని మార్చండి’ అంటున్నారు. ఏది సరైన తెలుగు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అమ్మా, ముందు ఆయన మాటలో ఉన్న న్యాయం చెప్తాను. ఇవాళ పేపరు తెరిచినా టీవీ పెట్టినా హత్తుకోవడం అంటే కౌగిలింతే. కౌగిలించుకొను, అక్కున చేర్చుకొను, గుండెలకు అదుముకొను అని మనకు ఇన్ని మాటలుండగా, అన్నింటినీ పక్కన పెట్టేసి ఈ ఒక్కదానితోనే పని కానిచ్చేస్తున్నారు, దాంతో దీని అసలు అర్థం మరుగున పడిపోతోంది. ఇది మంచి అలవాటు కాదు. అయితే పాత అర్థం పూర్తిగా పోలేదు. ‘మనసుకు హత్తుకునే కథ’ అని ఆ పేపర్లే రాస్తాయి. అక్కడ కౌగిలింత ఎక్కడుంది? కథ మనసుకు అంటుకుంటుంది, అతుక్కుంటుంది, ఇక ఊడి రాదు. హత్తు అంటే అదీ.

అసలు పట్టు, హత్తు వేర్వేరు మాటలు అనుకోవడం దగ్గరే మీ తగవు మొదలైంది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. మనకు పులి, పాలు, పూవు అయితే కన్నడిగులకు హులి, హాలు, హూవు. మాట మొదట్లో ఉన్న పకారం కన్నడంలో కాలక్రమాన హకారం అయింది, ఇది చాలామందికి తెలిసిందే. రెండో సంగతే అంతగా ఎవరూ పట్టించుకోరు. తమిళంలో ‘ఱ్ఱ’ ఉన్నచోట చాలా మాటల్లో మనకు ‘ట్ట’, కన్నడంలో ‘త్త’ వస్తాయి. మనం చీమల పుట్ట అంటాం కదా, ఆ పుట్ట తమిళంలో పుఱ్ఱు, కన్నడంలో హుత్త. మన చుట్టు తమిళంలో చుఱ్ఱు, కన్నడంలో సుత్తు. ఇప్పుడు తమిళ ‘పఱ్ఱు’ తీసుకొని ఈ రెండు సూత్రాలూ కలిపి చూడండి, మనవైపు పట్టు వస్తుంది, కన్నడంవైపు హత్తు వస్తుంది! తమిళంలో ఆ పఱ్ఱుకు పట్టుకోవడం, అంటుకోవడం అనే కాదు, మమకారం అనే అర్థం కూడా ఉంది, అది గుర్తుపెట్టుకోండి. అచ్చతెలుగు మాటలు హకారంతో మొదలవడం అరుదు. మనకు సొంతంగా పెచ్చు ఉండగా (పెచ్చుపెరిగింది అంటాం) హెచ్చు కూడా కన్నడం నుంచి వచ్చి చేరినట్టే, పట్టు ఉండగా హత్తు వచ్చింది. వచ్చాక రెండూ అర్థాలు పంచుకున్నాయి. పట్టుకోవడం చేతి పని, అక్కర్లేదనుకుంటే వదిలేయొచ్చు. హత్తుకుంటే అలా కుదరదు. పోస్టు కవరుకు బంకతో అంటించిన స్టాంపును పీకి చూడండి, కవరు పొర కూడా దాంతోపాటు లేచి వస్తుంది.

తెలుగు బైబిలు చేసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. రోమా పత్రిక 12:9లో ‘మీ ప్రేమ నిష్కపటమైనదై యుండవలెను. చెడ్డదాని నసహ్యించుకొని మంచిదానిని హత్తుకొని యుండుడి’ అని ఉంది. గ్రీకు మూలంలో అక్కడున్న క్రియ ‘కొల్లా’ అనే మాట మీద కట్టింది, కొల్లా అంటే జిగురు. లూకా 10:11లో శిష్యుల పాదాలకు అంటిన ధూళి విషయంలోనూ ఆ క్రియే, తప్పిపోయిన కుమారుడు పరదేశంలో ఒకడి చెంత చేరాడన్న చోటా ఆ క్రియే. గ్రీకులో ఒకటే మాటైనా, ధూళికి అంటడం, దిక్కులేనివాడికి చెంత చేరడం, మంచికి హత్తుకోవడం అని మూడుచోట్లా మూడు మాటలు వేశారు. ఎంత తెలుగుదనం ఉందో చూడండి! పాత నిబంధనలో రూతు తన అత్తను విడిచిపోలేదన్న చోట ‘రూతు ఆమెను హత్తుకొనెను’. ఇది కౌగిలింతే కదా అని మీ పెద్దాయన అనొచ్చు. అలాగైతే 119వ కీర్తన 31వ వచనం చూపించండి. ‘నీ శాసనములను హత్తుకొని యున్నాను’ అని ఉంటుంది. శాసనాలను ఎవరూ కౌగిలించుకోరు. శాసనాలను హత్తుకోగా లేనిది సత్యాన్ని హత్తుకుంటే తప్పేముంది?

ఇంకో మాట. మీవాళ్లు ప్రేమనూ సత్యాన్నీ ఒకే క్రియ కింద పెట్టడం నాకు బాగా నచ్చింది. యోహాను రెండో పత్రిక పదమూడు వచనాల చిన్న ఉత్తరం. ‘అమ్మగారికి’ అని మొదలయ్యే ఆ ఉత్తరంలో మొదటి నాలుగు వచనాల్లోనే సత్యం అన్న మాట మూలంలో ఐదుసార్లు వస్తుంది, వెంటనే ఐదో వచనంలో ఒకరినొకరు ప్రేమించుకోవాలన్న ఆజ్ఞ వస్తుంది. మూడో వచనంలో తెలుగు అనువాదకులు ‘సత్యప్రేమలు మనయందుండగా’ అని ద్వంద్వసమాసం చేశారు. ద్వంద్వంలో రెండు పదాలకూ ప్రాధాన్యం సమానమే, ఒకటి రెండోదానికి విశేషణం కాదు. ఈమధ్య చాలామంది దీన్ని ‘సత్యమైన ప్రేమ’ అన్నట్టు చదివేస్తున్నారు, అది పొరపాటు. అలా చదివితే సత్యం వెళ్లి ప్రేమకు అలంకారమై కూర్చుంటుంది. సంఘాల్లో జరుగుతున్నదీ అదే. తప్పు జరిగిందని తెలిసినా ‘ప్రేమగా ఉందాం’ అని నోరు మూయిస్తారు కొందరు. ఇంకొందరు ‘ఉన్నమాటే అన్నాను’ అంటూ ఎదుటి మనిషిని పదిమందిలో నిలబెట్టి కడిగేస్తారు. ఎఫెసీ 4:15 వీళ్లిద్దరికీ కుదరదు, అక్కడ ‘ప్రేమ కలిగి సత్యము చెప్పుచు’ అని ఉంది. ఆ ‘కలిగి’ని చూసి ఇప్పటివాళ్లు ‘నిజాయితీని కలిగి ఉండండి’, ‘సమయాన్ని కలిగి ఉన్నాను’ అని అన్నిచోట్లా కలిగిస్తున్నారు. దయచేసి మానండి. నిజాయితీగా ఉండండి అంటే చాలు, టైముంది అంటే చాలు.

బైబిల్లో పట్టుకోవడం మీద పుట్టిన మిగతా మాటలు క్లుప్తంగా. ‘మేలైనదానిని చేపట్టుడి’ (1 థెస్సలొనీక 5:21)లో చేపట్టు అంటే చేతితో పట్టడమే, ఇవాళ్టి ‘పనులు చేపట్టారు’ కాదు. ‘నా ఆజ్ఞలను గైకొందురు’లోని గైకొనుకు మూలం కైకొను, కై అన్నా చెయ్యే.

కాబట్టి మీ ఫ్లెక్సీ మీది వాక్యం తప్పు కాదు. ‘పట్టుకొని ఉండండి’ కూడా తప్పు కాదు, ప్రకటన గ్రంథంలో ‘గట్టిగా పట్టుకొనుము’ అనే ఉంది. నన్నడిగితే హత్తుకొనుకే ఓటేస్తాను. అయితే కూటాలకు వచ్చే పిల్లలకు హత్తుకోవడం అంటే హగ్ అనే తెలుసు కాబట్టి ఆయన భయమూ ఉత్తిది కాదు. కింద చిన్న అక్షరాలతో రోమా 12:9 మొత్తం వేయించి, కూటంలో ఆ వచనాన్ని ఆయన చేతే చదివించండి.