పాట ఏ జానరో చెప్పడం ఇప్పుడు ఎందుకింత కష్టం? కందుకూరు పాటల షాపు అనుభవం

"ఇప్పటి పాటల్లో ఏది జానపదం, ఏది మెలోడీ, ఏది ర్యాప్ అని విడదీయడం ఎందుకు కుదరడం లేదు?" అని అడిగారు. నేను కందుకూరులో చాలా ఏళ్లు పాటల షాపు నడిపాను. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, చివరికి మెమరీ కార్డులు. ఆ అనుభవంతో గట్టిగా చెబుతున్నా: పాటల్ని వాటి సౌండును బట్టి ఎవరూ ఎప్పుడూ విడదీయలేదు. ఎవరు కొంటారు, ఎక్కడ వింటారు అన్నదాన్ని బట్టే విడదీశారు. అరలు పెట్టింది అమ్మేవాళ్లం.

మా దగ్గర మాలకొండ ఉంది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తీస్తారు. అందుకే శుక్రవారం సాయంత్రమైతే షాపు ముందు ఆటోలు, ట్రాక్టర్లు ఆగేవి. ఒకసారి వోలేటివారిపాలెం వైపు నుంచి ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. కొడుక్కి పుట్టెంట్రుకలు తీయించాలి, తెల్లారి బయలుదేరుతున్నారు. వెంట వాళ్లమ్మ కూడా ఉంది.

"స్వామి పాటలు ఎక్కించన్నా. కానీ కుర్రోళ్లు ఎగరాల, అట్టాంటియ్యి" అన్నాడు.

"దేవుడి పాటకి ఎగిరేదేందిరా?" అని ఆమె గయ్యిమంది.

నా దగ్గర ఒకే నరసింహస్వామి పాట రెండు రకాలుగా ఉంది. ఒకటి హార్మోనియం, తాళాలతో. ఇంకొకటి డీజే వాళ్లు బీటు కలిపింది. రెండూ వినిపించాను. కొడుకు రెండూ భక్తి పాటలే అంటాడు. తల్లి రెండోది కాదంటుంది. "అవ్వా, మాటలు అవే, వరస అదే గదా" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "కొండెక్కేటప్పుడు వినేది వేరే నాయనా, దిగొచ్చేటప్పుడు వినేది వేరే. ఎక్కేటప్పుడు మొక్కు మనసులో ఉంటది. దిగేటప్పటికి తీరిపోయుంటది" అంది. అప్పటికప్పుడే రెండు ఫోల్డర్లు చేసి, వాటికి 'ఎక్కేటప్పుడు', 'దిగేటప్పుడు' అని పేర్లు పెట్టి ఇచ్చాను. కొడుకూ ఒప్పుకున్నాడు, తల్లీ ఒప్పుకుంది. ఆ తర్వాత మాలకొండ వెళ్లేవాళ్లకి అవే ఫోల్డర్లు ఎక్కించేవాణ్ణి. ఇంతకన్నా మంచి వర్గీకరణ నాకు ఏ యాప్‌లోనూ కనబడలేదు.

ఇది మా ఊరి సంగతే కాదు. అమెరికాలో 1920లలో నల్లవాళ్లకు అమ్మే రికార్డులకు 'రేస్ రికార్డ్స్' అని పేరు పెట్టారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక దాన్ని 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది. పాట మారలేదు, కొనేవాళ్లూ మారలేదు. 1987లో లండన్‌లో కొన్ని రికార్డు కంపెనీల వాళ్లు కూర్చుని, షాపుల్లో ఎక్కడ పెట్టాలో తెలియని పరదేశీ సంగీతాన్నంతా 'వరల్డ్ మ్యూజిక్' అనే ఒక్క అరలో సర్దేశారు. ఆఫ్రికా డప్పూ, మన వీణా పక్కపక్కన!

కంప్యూటర్లు వచ్చాక ఇంకా ఘోరం. పాత ఎంపీ3 ఫైల్లో జానర్ రాయడానికి ఒకే ఒక్క బైటు ఇచ్చారు, అంటే ఒక్క నంబరు పట్టేంత చోటు. మొదటి జాబితాలో 80 పేర్లు ఉంటే, అందులో బుర్రకథ లేదు, హరికథ లేదు, కోలాటం లేదు. ఆ జాబితాలో సున్నా నంబరు 'బ్లూస్'ది, అంటే అమెరికా నల్లవాళ్ల పాటలది. ఎవరైనా ఆ గడి నింపకుండా సున్నాతో వదిలేస్తే ఫోన్లో బ్లూస్ అని కనబడేది. అలా మా షాపులో సుప్రభాతం కూడా బ్లూస్ అయిపోయింది. నాకు నిజంగా బాధేసేది. ఇప్పటి యాప్‌లు చాలావాటిలో మనకిచ్చిన అర 'తెలుగు'. భాష జానర్ ఎట్లా అవుతుంది?

యూట్యూబ్‌లో 'ఫోక్' అని వచ్చేవాటి మీద కూడా నాకు కోపమే. స్టూడియోలో గొంతును కంప్యూటర్‌తో సరిచేసే ఆటోట్యూన్ వేసి, డ్రోన్‌తో తీసిన పాటకు ఆ పేరు పెడితే, ఉదయగిరి వైపు పల్లెల్లో రాత్రంతా చెక్కభజన చేసేవాళ్ల పాటను ఏమనాలి?

మా నెల్లూరు మనిషి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారినే తీసుకోండి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. అయినా 'శంకరాభరణం'కి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఆయన్ను ఏ అరలో పెడతారు? ఆయన నాన్నగారు సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. హరికథలో కీర్తన ఉంటుంది, పద్యం ఉంటుంది, చిందు ఉంటుంది, మధ్యలో జనాన్ని నవ్వించే పిట్టకథ ఉంటుంది. అన్నీ కలిసిపోవడం ఈ తరంతో మొదలైందనేవాళ్లు ఒక్క హరికథ కూడా పూర్తిగా విని ఉండరు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన కష్టమల్లా షాపు పోవడమే. నా కౌంటర్ ముందు నిలబడి "పొద్దున పొలం కాడ వినేవి", "పెళ్లి ఊరేగింపుకి" అని అడిగితే సరైనవి తీసిచ్చేవాణ్ణి. యాప్‌కి ఆ మాట చెప్పుకునే వీలు తక్కువ. గంటల తరబడి సాగే హరికథ దొరికితే తీసుకెళ్లి 'భక్తి'లో పడేస్తుంది. పిట్టకథ విని నవ్వుకుందామనుకునేవాళ్లు అక్కడ వెతకనే వెతకరు.