టెక్ సందేహాలు: డిస్క్ పెట్టగానే గేమ్ దానంతటదే మొదలైపోతోంది!

ప్రశ్న: మా బావగారు జపాన్‌లో ఉద్యోగం చేసి తిరిగొస్తూ మా అబ్బాయికి ఒక సెకండ్ హ్యాండ్ పీఎస్‌పీ (చేత్తో పట్టుకుని ఆడుకునే సోనీ గేమ్ మెషీన్), కొన్ని గేమ్ డిస్కులు తెచ్చారు. మెనూ అంతా ఇంగ్లిష్‌లోకి మార్చి ఇచ్చారు. డిస్క్ పెడితే చాలు, అడక్కుండానే గేమ్ లోడ్ అయిపోతోంది. వాడికేమో ఒక్కోసారి మెమరీ కార్డులోని పాటలు వినాలని, ఫొటోలు చూడాలని ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆటో-స్టార్ట్ కనిపిస్తే ఆఫ్ మీదికి తెచ్చి ఇంటూ గుర్తున్న బటన్ నొక్కాను. మళ్లీ చూస్తే ఆన్‌లోనే ఉంది. ఎన్నిసార్లు మార్చినా ఇంతే. ఇంకో విచిత్రం: వెనక్కి వద్దామని సున్నా బటన్ నొక్కితే లోపలికి వెళ్తోంది. ఇక్కడ బ్రాడీపేటలో ఒక షాపులో చూపిస్తే బోర్డు మార్చాలన్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బోర్డు జోలికి వెళ్లకండి. మీరు విచిత్రం అంటూ చివర్లో రాశారే, జవాబు అందులోనే ఉంది. మీ చేతిలో ఉన్నది జపాన్ మార్కెట్ కోసం చేసిన మెషీన్. అక్కడ అమ్మిన పీఎస్‌పీల్లో సున్నా బటన్ అంటే ‘సరే’, ఇంటూ బటన్ అంటే ‘వద్దు’. మనకూ అమెరికాకూ వచ్చిన వాటిలో సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. జపాన్ బడుల్లో సరైన జవాబుకి టీచర్లు సున్నా చుడతారు. మన పిల్లలు సున్నా తెచ్చుకుంటే ఇంట్లో వీపు విమానం మోతే!

మీరు ఆఫ్ మీదికి వచ్చి ఇంటూ నొక్కిన ప్రతిసారీ మెషీన్‌కి ‘ఈ మార్పు వద్దులే’ అని చెబుతున్నారన్నమాట. అది బుద్ధిగా ఆన్‌లోనే ఉండిపోతోంది. బావగారు భాష మార్చారు గానీ, భాషతో పాటు బటన్ల తీరు మారదు. మెనూ ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది కాబట్టి బటన్లు కూడా మన పద్ధతిలోనే ఉంటాయని ఎవరైనా అనుకుంటారు.

ఇప్పుడు ఇలా చేయండి. గేమ్ నడుస్తుంటే ముందు దాన్ని సేవ్ చేసుకోమనండి, ఎందుకంటే గేమ్‌లోంచి బయటకు వస్తే సేవ్ చేయనిదంతా పోతుంది. తర్వాత స్క్రీన్ కింద ఎడమవైపున్న హోమ్ బటన్ నొక్కాలి. 3000 మోడల్ అయితే హోమ్ అనే అక్షరాల బదులు పీఎస్ గుర్తు ఉంటుంది. గేమ్ ఆపేయాలా అని అడిగితే అవును మీదికి తెచ్చి సున్నా నొక్కండి. మెయిన్ మెనూలో బాణం గుర్తులతో బాగా ఎడమకు వెళ్తే సెట్టింగ్స్ వస్తుంది. అందులో సిస్టమ్ సెట్టింగ్స్, అందులో యూఎండీ ఆటో-స్టార్ట్ (పీఎస్‌పీ డిస్కునే యూఎండీ అంటారు). దాన్ని ఆఫ్ చేసి, మళ్లీ సున్నాయే నొక్కండి. ఒకసారి బయటికొచ్చి, తిరిగి లోపలికెళ్లి ఆఫ్ అనే ఉందో లేదో చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

ఆటో-స్టార్ట్ అనే ఆ వరుస అసలే కనిపించని మెషీన్ ఎవరి దగ్గరైనా ఉంటే, అందులో సిస్టమ్ సాఫ్ట్‌వేర్ బాగా పాతదై ఉండొచ్చు. పీఎస్‌పీకి వచ్చిన చివరి వెర్షన్ 6.61. అప్‌డేట్ ఎలా చేయాలో కింద ఇంకో ప్రశ్నకు జవాబులో చెప్పాను.

ఆఫ్ చేశాక డిస్క్ పెడితే గేమ్ మొదలవదు. మెనూలో గేమ్ అనే నిలువు వరుసలో దాని బొమ్మ మాత్రం వస్తుంది. ఆడాలనుకున్నప్పుడు దాని మీదికి వెళ్లి సున్నా నొక్కాలి, అంతే. సినిమా డిస్క్ అయితే గేమ్ వరుసలో వెతక్కండి, వీడియో వరుసలో ఉంటుంది. ఒక్క మాట. ఆఫ్ చేసినా డిస్క్ పెట్టగానే కాసేపు గిర్రున తిరిగే చప్పుడు వస్తుంది. లోపల ఏముందో చదివి ఆ బొమ్మ చూపించాలంటే డిస్క్ తిరగాల్సిందే. అది చూసి సెట్టింగ్ పనిచేయలేదని కంగారు పడకండి.

ఇదంతా చేశాక కూడా ‘స్విచ్ వేయగానే గేమ్ వచ్చేస్తోంది సార్’ అంటారేమో. అప్పుడు ఆటో-స్టార్ట్‌ని అనుమానించక్కర్లేదు. పీఎస్‌పీ పవర్ స్విచ్‌ని ఒకసారి పైకి జరిపి వదిలేస్తే అది పూర్తిగా ఆగదు, నిద్రలోకి వెళ్తుంది. మళ్లీ జరిపితే గేమ్ ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే లేస్తుంది. పిల్లలు అన్నానికి పిలిస్తే చేసే పని సరిగ్గా ఇదే. పూర్తిగా ఆపాలంటే స్విచ్‌ని పైకి జరిపి కొన్ని సెకన్లు అలాగే పట్టుకోవాలి. లేదా ముందు హోమ్ బటన్‌తో గేమ్‌లోంచి బయటికొచ్చి, తర్వాత ఆపాలి. గేమ్ నిద్రలో ఉండగా డిస్క్ తీసేసి ఇంకోటి పెట్టడం మాత్రం మాన్పించండి. సగంలో ఉన్న గేమ్ పాత డిస్క్ కోసమే వెతుక్కుంటుంది.

ఆఫ్‌లో ఉంచుకోవాలనే నేనూ చెబుతాను. ఈ యూఎండీ అనేది ప్లాస్టిక్ డబ్బాలో బిగించిన 60 మిల్లీమీటర్ల చిన్న డిస్క్, రెండు పొరలది అయితే 1.8 జీబీ పడుతుంది. 2004 డిసెంబరులో పీఎస్‌పీ జపాన్‌లో విడుదలైనప్పుడు జేబులో పట్టే మెషీన్‌కి అది చాలా ఎక్కువ. కానీ డిస్క్ తిప్పడానికి మోటారు, చదవడానికి లేజర్ కావాలి. రెండూ బ్యాటరీనే తింటాయి, రెండూ అరిగేవే. ఇన్నేళ్ల మెషీన్‌లో వాటికి ఎంత పని తగ్గిస్తే అంత మంచిది. పాటలే వినాలనుకున్న రోజున డిస్క్ తీసి కవర్లో పెట్టేయమనండి. ఆటో-స్టార్ట్ ఆన్‌లో ఉంచుకుంటే మిగిలేది రెండు మూడు బటన్ నొక్కుళ్లు, అంతకు మించి లాభం నాకు కనపడదు.

బావగారు జపాన్ చార్జర్ కూడా ఇచ్చి ఉంటే దాని మీద సన్నటి అక్షరాల్లో ఉన్న ఇన్‌పుట్ వోల్టేజ్ చదవండి. 100-240 అని ఉంటే మన ప్లగ్గుకి సరిపోయే కన్వర్టర్ పిన్ను చాలు. ఒక్క 100 మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్లో పెట్టారంటే పొగే.

ప్రశ్న: ఆ పీఎస్‌పీనే మా ఇంట్లోనూ ఉంది, 3000 మోడల్. వెనక బ్యాటరీ మూత సరిగ్గా పట్టడం లేదు, కొంచెం పైకి లేచి ఉంటోంది. టేప్ వేసి వాడొచ్చా? – పటమట, విజయవాడ

జవాబు: వద్దు. ఇప్పుడే చార్జింగ్ ఆపి బ్యాటరీ బయటికి తీయండి. మూత లేచిందంటే బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించాలి. లోపల రసాయనాలు పాడై గ్యాస్ చేరినప్పుడు అలా అవుతుంది. వేడికి ఇంకా త్వరగా పాడవుతుంది. ఎండాకాలంలో బెజవాడలో స్కూటర్ డిక్కీలోనో, తలుపులు మూసిన కారులోనో పెట్టి మర్చిపోయిన మెషీన్లకి ఈ జబ్బు ఖాయం. నొక్కి లోపలికి నెట్టడం, సూదితో పొడవడం అసలే చేయకండి, మంట లేస్తుంది. చెత్తబుట్టలో కూడా వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

కొత్తది కొనేదాకా ఆట ఆపక్కర్లేదు. బ్యాటరీ లేకుండా నేరుగా చార్జర్ వైరు మీదే పీఎస్‌పీ నడుస్తుంది. కాకపోతే కరెంటు పోయినా, ఎవరి కాలైనా వైరుకి తగిలినా గేమ్ అక్కడికక్కడే పోతుంది. కొనేటప్పుడు మోడల్ నంబరు చెప్పి అడగండి. మొదటి మోడల్ బ్యాటరీ 1800 ఎంఏహెచ్, లావుగా ఉంటుంది. 2000, 3000 మోడళ్లది 1200 ఎంఏహెచ్, పల్చగా ఉంటుంది. ఇదే సైజులో పల్చగా ఉండి, దాని మీద 3600 అని అచ్చేసినది చూపిస్తే ఆ అంకెని నమ్మకండి.

ప్రశ్న: మా పీఎస్‌పీ వైఫై పేరు చూపిస్తుంది కానీ కనెక్ట్ అవ్వదు. పాస్‌వర్డ్ కరెక్టే. అప్‌డేట్ చేద్దామంటే కుదరడం లేదు. – మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: తప్పు పాస్‌వర్డ్‌లో లేదు. పీఎస్‌పీకి తెలిసిన వైఫై తాళాలు (అంటే నెట్‌వర్క్‌కి రక్షణ ఇచ్చే పద్ధతులు) రెండే, డబ్ల్యూఈపీ, దాని తర్వాత వచ్చిన మొదటి తరం డబ్ల్యూపీఏ. ఇప్పటి రౌటర్లు డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 వాడుతున్నాయి. అదీగాక అది 802.11బీ అనే పాత పద్ధతిలో మాత్రమే మాట్లాడుతుంది, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ దాని కంటికి ఆనదు. పిల్లాడి గేమ్ కోసం ఇంటి రౌటర్‌ని పాత తాళంలోకి దించమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అదే రౌటర్ మీద మీ బ్యాంకు యాప్‌లు నడుస్తున్నాయి.

అప్‌డేట్‌కి వైఫై అక్కర్లేదు. కంప్యూటర్లో సోనీ సపోర్ట్ సైట్ నుంచే ఫైలు దింపుకోండి, వేరే చోటి నుంచి వద్దు. పీఎస్‌పీని యూఎస్‌బీ వైరుతో కలిపి, మెమరీ స్టిక్‌లో (పీఎస్‌పీ మెమరీ కార్డు పేరు ఇదే) పీఎస్‌పీ అనే ఫోల్డర్, దానిలో గేమ్, దానిలో అప్‌డేట్ అనే ఫోల్డర్ చేసి ఫైలు అక్కడ పెట్టండి. ఫోల్డర్ పేర్లు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి, ఫైలు పేరు మార్చకూడదు. తర్వాత పీఎస్‌పీ మెనూలో గేమ్, మెమరీ స్టిక్ లోకి వెళ్తే అప్‌డేట్ కనిపిస్తుంది. బ్యాటరీలో చార్జ్ ఉండి, చార్జర్ కూడా పెట్టి ఉంటేనే మొదలవుతుంది. మధ్యలో ఆపారంటే మెషీన్ మళ్లీ లేవకపోవచ్చు. పై ప్రశ్నలో లాగా బ్యాటరీ తీసేసిన వాళ్లు కొత్తది వచ్చేదాకా ఆగండి.

ప్రశ్న: మా పెళ్లి డీవీడీ చూద్దామని బయట పెట్టుకునే డీవీడీ డ్రైవ్ కొన్నాను. డిస్క్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లో ఏదో ఒక విండో తెరుచుకుంటోంది. పెన్‌డ్రైవ్ పెట్టినా ఇంతే. ఆపడం ఎలా? – లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో ఆటోప్లే. పైనున్న ఒకే ఒక్క స్విచ్ ఆఫ్ చేస్తే డిస్కుకీ పెన్‌డ్రైవ్‌కీ కలిపి ఆగిపోతుంది. విండోస్ 10లో అదే ఆటోప్లే డివైసెస్ కింద ఉంటుంది.

దీన్ని చిన్న చిరాకుగా తీసేయకండి. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని ఆడియో సీడీలు కంప్యూటర్లో పెడితే, కాపీలు అడ్డుకోవడానికని కనిపించకుండా దాక్కునే సాఫ్ట్‌వేర్ ఎక్కేసేది. గొడవై, కేసులు పడి, సీడీలు వెనక్కి తీసుకున్నారు. 2008లో మొదలైన కాన్‌ఫికర్ వైరస్ పాకిన దారుల్లో పెన్‌డ్రైవ్ ఆటోరన్ (పెట్టగానే అందులోని ప్రోగ్రాము అడక్కుండా నడవడం) ఒకటి. ఆ తర్వాతే మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ తీసేసి, 2011లో ఎక్స్‌పీ, విస్టాలకూ అదే అప్‌డేట్ పంపింది. మీకు ఇప్పుడు తెరుచుకునే విండో ఏం చేయాలో అడుగుతుందంతే, దానంతట అది ప్రోగ్రాములు నడపదు. అయినా ఆఫ్ చేసుకోండి. జిరాక్స్ షాపుకి వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్ అయితే, తెరిచే ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి వైరస్ స్కాన్ పెట్టండి.