తెల్లబట్ట అవుతోందని గర్భసంచి తీసేయాలా?

ప్రశ్న: నా వయసు 35 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. నెలసరి సమయానికే వస్తుంది. కొన్నేళ్లుగా తెల్లబట్ట అవుతోంది. కొన్ని రోజులు నీళ్లలా, సాగుతూ ఉంటుంది. మరికొన్ని రోజులు చిక్కగా ఉంటుంది. రెండు నెలలుగా దురద, మంట కూడా మొదలయ్యాయి. నడుము నొప్పి, నీరసం ఎప్పుడూ ఉంటున్నాయి. మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మూడు మందుల కిట్ రెండుసార్లు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పట్నంలోని నర్సింగ్ హోంలో స్కానింగ్ చేసి, గర్భసంచి లావైందని, దాని ముఖద్వారం మీద పుండు ఉందని, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని, ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సలహా: మీరు రాసిన లక్షణాల్లో గర్భసంచి తీసేయవలసిన కారణం ఒక్కటి కూడా కనిపించడం లేదు. ఆపరేషన్‌కు తేదీ ఖరారై ఉంటే ప్రస్తుతానికి ఆపండి. అయితే రెండు నెలలుగా ఉన్న దురద, మంటలకు మాత్రం సరైన పరీక్ష, సరైన మందు అవసరం. మీరు చెప్పిన వాటిలో కొన్ని సహజమైనవి, కొన్ని ఇన్ఫెక్షన్‌కు సంబంధించినవి, కొన్నింటికి తెల్లబట్టతో సంబంధమే లేదు. అన్నింటినీ ఒకే జబ్బుగా చూడడం వల్లనే ఆపరేషన్ దాకా వచ్చింది.

పిల్లలు పుట్టే వయసులో ఉన్న ప్రతి స్త్రీకీ కొంత తెల్లబట్ట అవుతుంది. గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథుల నుంచి ఊరే జిగురు, యోని గోడల నుంచి వచ్చే తేమ, రాలిపోయే పాత కణాలు కలిస్తే అది తయారవుతుంది. రోజుకు 1 నుంచి 4 మిల్లీలీటర్ల దాకా ఉండవచ్చు, కొందరిలో ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చేరుతుంది. అక్కడ సహజంగా నివసించే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా దాని సాయంతో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. దాంతో యోని పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) 3.8 నుంచి 4.5 మధ్య నిలిచి, హానికరమైన సూక్ష్మజీవులు పెరగకుండా ఉంటాయి. అంటే ఈ స్రావం శరీరం తనను తాను కాపాడుకునే ఏర్పాటులో భాగమే తప్ప బయటికి పోతున్న బలం కాదు.

నెలసరికి నెలసరికి మధ్య, అండం విడుదలయ్యే రోజుల్లో ఇది పారదర్శకంగా, కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతూ, ఎక్కువగా వస్తుంది. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ హార్మోన్ పెరగడంతో చిక్కబడి, పరిమాణం తగ్గుతుంది. లోదుస్తుల మీద ఆరాక లేత పసుపు రంగులో కనిపించడమూ మామూలే. కొన్నేళ్లుగా మీరు గమనిస్తున్న మార్పు చాలావరకు ఇదే. గర్భిణులకు ఇది మరింత ఎక్కువగా అవుతుంది. ఆడపిల్లలకు రజస్వల కావడానికి కొన్ని నెలల ముందే మొదలవుతుంది. తల్లులు కంగారుపడి పిల్లలకు మందులు వాడించాల్సిన పని లేదు.

రెండు నెలల నాడు మొదలైన దురద మాత్రం వేరే విషయం. స్రావం పెరుగు తరకల్లా ఉండి, వాసన పెద్దగా లేకుండా, దురద, ఎరుపు, మూత్రం తగిలితే మంట ఉంటే అది ఎక్కువగా క్యాండిడా అనే ఫంగస్ వల్ల వస్తుంది. జీవితంలో ఒక్కసారైనా ఇది రాని స్త్రీలు తక్కువ. యాంటీబయాటిక్స్ వాడిన తర్వాత, గర్భం సమయంలో, మధుమేహం అదుపులో లేనప్పుడు ఇది విజృంభిస్తుంది. షుగర్‌కు ఈ మధ్య విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూత్రంలోకి చక్కెరను పంపిస్తాయి కాబట్టి, వాటిని వాడేవారిలోనూ ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువ. మీకు 35 ఏళ్లు. ఇన్ఫెక్షన్ తగ్గి మళ్లీ వస్తోంది కాబట్టి షుగర్ పరీక్ష తప్పక చేయించుకోండి.

మీరు వాడిన కిట్ గురించి కూడా చెప్పాలి. మన దగ్గర మందుల షాపుల్లో దొరికే ఇలాంటి కిట్లలో సాధారణంగా ఫ్లూకోనజోల్, అజిత్రోమైసిన్, సెక్నిడజోల్ ఉంటాయి. పరీక్ష లేకుండా ఫంగస్‌కు, బ్యాక్టీరియాకు, పరాన్నజీవికి ఒకేసారి గురిపెట్టడం దీని ఉద్దేశం. ఫంగస్ ఒక్కటే ఉన్న మనిషికి అందులోని యాంటీబయాటిక్ మేలు చేయకపోగా, కాపలా కాసే లాక్టోబాసిల్లస్‌ను దెబ్బతీసి ఫంగస్‌కు మళ్లీ చోటు ఇవ్వవచ్చు. మీకు తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. నిర్ధారణ అయితే క్లోట్రిమజోల్ మాత్రలను యోనిలో పెట్టుకోవడమో, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు మింగడమో చాలామందికి సరిపోతుంది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెట్టేవారికి కల్చర్ పరీక్ష చేసి, నెలల తరబడి మందు ఇస్తారు. గర్భిణులు ఫ్లూకోనజోల్ మింగకూడదు.

పల్చగా, బూడిదరంగు తెలుపులో, చేపల వాసనతో వచ్చే స్రావం, ముఖ్యంగా కలయిక తర్వాత ఆ వాసన పెరిగితే, బ్యాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. దీనికి మెట్రోనిడజోల్ వాడతారు. పసుపు పచ్చగా, నురగతో వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని అనుమానించాలి. ఇందులో భర్తకు ఏ లక్షణమూ లేకపోయినా ఇద్దరూ ఒకేసారి మందు వాడకపోతే తిరిగి అంటుకుంటుంది. స్రావంతోపాటు పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ గర్భసంచిని, ట్యూబులను చేరిందని భావించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పుండు సంగతి. ముఖద్వారం లోపలి వైపు ఉండే ఎర్రటి గ్రంథి కణాలు హార్మోన్ల ప్రభావంతో బయటి వైపుకు పరుచుకోవడాన్ని ఎక్ట్రోపియన్ అంటారు. కాన్పులైన స్త్రీలలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎర్రగా ఉండడంతో దీన్ని పుండు అనేస్తారు గానీ ఇది పుండూ కాదు, క్యాన్సర్‌కు తొలి మెట్టూ కాదు. పైగా దీన్ని స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి కంటితో చూడాలి. పొట్ట మీద చేసే స్కానింగ్‌లో ఇది తెలియదు. రెండు కాన్పుల తర్వాత గర్భసంచి కొద్దిగా పెద్దగా కనిపించడం కూడా సహజమే. అధిక రక్తస్రావమో, కణితులో లేనప్పుడు ఆ కొలత పట్టుకుని ఆపరేషన్ చేయరు.

ముఖద్వార క్యాన్సర్‌ను పట్టించుకోవద్దని నా మాటల అర్థం కాదు. కలయిక తర్వాత రక్తం, నెలసరి మధ్యలో రక్తపు చారలు, నీళ్లలా, దుర్వాసనతో వచ్చే స్రావం, ముట్లుడిగిన తర్వాత ఏ కాస్త రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఇవేవీ లేకపోయినా 30 దాటిన ప్రతి స్త్రీ పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలను తీసి చూసే పరీక్ష) గానీ, హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందేమో చూసేది) గానీ చేయించుకోవాలి. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష ఉంది. క్యాన్సర్ భయం ఉంటే చేయవలసింది ఈ పరీక్ష. గర్భసంచి తీసివేత దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఈ భయం మన రెండు రాష్ట్రాల్లో ఎందరినో ఆపరేషన్ బల్ల ఎక్కించింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. యోనిలో ఉన్న ఫంగస్ గర్భసంచి తీసినంత మాత్రాన పోదు. అండాశయాలను ఉంచినా అవి ముందుగానే మందగించవచ్చు. వాటినీ తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు త్వరగా మొదలయ్యే ముప్పు పెరుగుతుంది. నడుము నొప్పి తగ్గుతుందని ఆపరేషన్‌కు వెళ్లినవారికి అదే నొప్పి పెరిగిన సందర్భాలను వైద్యులు చూస్తూనే ఉంటారు.

మీ నడుము నొప్పికి, నీరసానికి కారణం వేరే చోట వెతకాలి. ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతాయన్నది అపోహ. మన దేశంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది కాబట్టి ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు కూడా అవసరం కావచ్చు. నిద్ర లేకపోవడం, దిగులు, ఇంట్లో ఒత్తిడి ఉంటే అవి కూడా డాక్టరుకు చెప్పండి. గోవాలో స్త్రీలపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్లబట్ట గురించి ఫిర్యాదు చేసినవారిలో ఇన్ఫెక్షన్ల కంటే మానసిక ఒత్తిడికే ఎక్కువ సంబంధం కనిపించింది.

జిల్లా ఆసుపత్రిలోని గైనకాలజీ విభాగానికి గానీ, అక్కడ జననాంగ ఇన్ఫెక్షన్లకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌కు గానీ స్కానింగ్ రిపోర్టు, వాడిన మందుల చీటీ పట్టుకుని వెళ్లండి. స్పెక్యులమ్‌తో చూసి, స్రావం నమూనాను పీహెచ్ పట్టీతో, మైక్రోస్కోపుతో పరీక్షించమని అడగండి. వెళ్లే ముందు రెండు రోజులు యోనిలో మందులు పెట్టుకోకండి, కలయికకు దూరంగా ఉండండి, నెలసరి రోజుల్లో వెళ్లకండి. లోపలికి సబ్బు, డెటాల్, సువాసన ద్రావణాలు వాడి కడిగే అలవాటు ఉంటే మానేయండి. వాటితో అక్కడి ఆమ్లత్వం చెడిపోతుంది, బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగితే చాలు. ఆ పరీక్షలన్నీ అయ్యాక కూడా ఎవరైనా ఆపరేషనే మార్గమంటే, ఏ జబ్బు కోసమో కాగితం మీద రాసిమ్మనండి, దాన్ని మరో గైనకాలజిస్టుకు చూపించండి.